హార్డ్‌వుడ్ ఫ్లోరింగ్‌లో నెయిలర్: కనపడని మేకు చేసే పని

200 చదరపు అడుగుల గదిలో 2.25 అంగుళాల వెడల్పున్న ఓక్ పలకలు పరచాలంటే సుమారు 1,600 మేకులు పడతాయి. లెక్క తేలికే. ఒక చదరపు అడుగు నిండడానికి ఆ వెడల్పు పలక ఐదడుగుల పైచిలుకు కావాలి. పలక పొడవునా ప్రతి 8 అంగుళాలకూ ఒక మేకు దిగాలి. అంటే చదరపు అడుగుకు 8 మేకులు. పని పూర్తయ్యాక గోడ వారన పడ్డ కొన్ని తప్ప వీటిలో ఒక్కటీ కంటికి కనపడదు. అమెరికా, కెనడాల్లో గట్టిచెక్క నేల వేసే పద్ధతి చాలాకాలంగా ఇదే. పలకకు ఒక పక్క నాలుకలా ముందుకు వచ్చిన అంచు, రెండో పక్క ఆ నాలుక దూరే గాడి ఉంటాయి. నాలుక మొదలు దగ్గర, పైమూలలో, 45 డిగ్రీల వాలున మేకు దించుతారు. తర్వాతి పలక గాడి వచ్చి దాన్ని కప్పేస్తుంది.

సుత్తి చేతబట్టి ఈ పని చేయాలంటే ఓపిక కావాలి. వాలు తప్పకుండా మేకు పట్టుకోవాలి, పలక పై అంచుకు సుత్తి తగలకుండా కొట్టాలి, చివర్లో నెయిల్ సెట్ అనే చిన్న ఇనుప కడ్డీ ఆనించి మేకు తలను చెక్కలోకి దింపాలి. ఇలా 1,600 సార్లు. నేల పలకలకు మేకులు దించే యంత్రం, ఫ్లోరింగ్ నెయిలర్, వచ్చి దీన్నంతా ఒక్క దెబ్బకు కుదించింది. అందుకే దాన్ని శ్రమ తగ్గించే సాధనంగానే చాలామంది చూస్తారు. కానీ ఆ పనిముట్టు విలువ వేగంలో కన్నా, ప్రతి మేకునూ ఒకే వాలులో, ఒకే లోతులో, ఒకే బిగువుతో దించడంలో ఉంది. ఎందుకంటే ఆ మేకు చేయాల్సిన పని పలకను కదలకుండా పట్టి ఉంచడం కాదు. చెక్క ఎలాగూ కదులుతుంది. ఆ కదలికను ఎక్కడిదక్కడ పంచి ఉంచడమే మేకు పని.

ఒక్క దెబ్బలో జరిగేది

ఇంటి ఫ్రేము కట్టే నెయిల్ గన్ ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. ఫ్లోరింగ్ నెయిలర్లలో ఎక్కువ రకాలకు ట్రిగ్గర్ ఉండదు. యంత్రం అడుగున లోహపు పాదం ఉంటుంది. అది పలక పైభాగం మీద ఆనుతుంది, దాని ముందు భాగం నాలుక ఉన్న అంచును పట్టుకుంటుంది. పనివాడు పలక మీదే నిలబడి, నడుం వంచి, ఒక చేత్తో యంత్రం పిడి పట్టుకుని, రెండో చేత్తో బరువైన మ్యాలెట్ (వెడల్పు తల ఉన్న సుత్తి) ఎత్తి యంత్రం తల మీద కొడతాడు. ఆ దెబ్బకు రెండు పనులు జరుగుతాయి. దెబ్బ తోపుకు పాదం పలకను వెనక వరసకు హత్తిస్తుంది. అదే క్షణంలో లోపలి వాల్వు తెరుచుకుని, కంప్రెసర్ నుంచి వచ్చిన గాలి పిస్టన్‌ను తోసి మేకును దింపుతుంది. పలక బిగిసి ఉన్న ఆ ఒక్క క్షణంలోనే మేకు పడడం ఈ యంత్రంలోని తెలివి. చేత్తో చేస్తే పలకను బిగించేది ఒకరు, కొట్టేది మరొకరు అవ్వాలి. ఆ ఇద్దరి మధ్య వెంట్రుకవాసి సందు మిగిలిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

గాలి అక్కర్లేని రకం కూడా ఉంది. పవర్‌నెయిల్ కంపెనీ మోడల్ 45 ఇలాంటిదే. దీంట్లో మేకును దింపేది మ్యాలెట్ దెబ్బ బలమే. మొదటి దెబ్బకు పూర్తిగా దిగకపోతే లోపలి ర్యాచెట్ దాన్ని అక్కడే పట్టుకుని ఉంచుతుంది, రెండో దెబ్బతో ముగించవచ్చు. చిన్న గదికి, కంప్రెసర్ చప్పుడు కుదరని చోటికి ఇది చాలు. పెద్ద ఇంటికి మాత్రం భుజాలు పడిపోతాయి. గాలితో పనిచేసే వాటికి సాధారణంగా 70 నుంచి 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడి కావాలి. ఒక్క నెయిలర్ నడపడానికి ఇంట్లో వాడే చిన్న కంప్రెసర్ సరిపోతుంది. హోమ్ డిపో లాంటి స్టోర్లలో నెయిలర్ రోజు అద్దెకు దొరుకుతుంది కాబట్టి, ఒకట్రెండు గదుల కోసం కొనాల్సిన పని లేదు.

చెక్క ఎంత కదులుతుంది?

గాలిలో తేమ పెరిగితే చెక్క వెడల్పు పెరుగుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. పొడవులో మార్పు దాదాపు ఉండదు. ఎంత పెరుగుతుందో ముందే లెక్క కట్టవచ్చు. మామూలుగా కోసిన రెడ్ ఓక్‌లో, చెక్క లోపలి తేమ ఒక శాతం మారితే వెడల్పు 0.369 శాతం మారుతుంది. ఇంటి లోపల 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలో తేమ 6 శాతం దగ్గర కుదురుకుంటుంది. గాలిలో తేమ 55 శాతానికి చేరితే చెక్కలో 10 శాతం అవుతుంది. న్యూజెర్సీలోనో చికాగోలోనో హీటర్ నడిచే చలికాలంలో ఒకటి, ఉక్కపోసే జులైలో మరొకటి, ఇలా ఈ రెండు అంకెలూ ఒకే నేల చూస్తుంది.

నాలుగు శాతం తేడా అంటే వెడల్పులో ఒకటిన్నర శాతం. 2.25 అంగుళాల ఒక్క పలకకు అది ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. కంటికి ఆనదు. కానీ 20 అడుగుల వెడల్పున్న హాలు మొత్తం తీసుకుంటే ఆ పలకలన్నీ కలిసి మూడున్నర అంగుళాలు పెరగాలని చూస్తాయి. గోడల వారన వదిలే సందు ఒక్కో పక్క ముప్పావు అంగుళం, రెండు పక్కలా కలిపినా ఒకటిన్నర అంగుళమే. మిగతా రెండంగుళాలు ఏమైనట్టు?

ఆ రెండంగుళాల సంగతి చూసుకునేది మేకులే. ప్రతి పలకనూ నాలుక వైపు మేకు తన చోట నిలబెడుతుంది. గాడి వైపు మాత్రం పక్క పలక నాలుక మీద ఆని ఉంటుంది, అటు మేకు లేదు. చలికాలంలో పలక కుంచించుకుంటే ఆ కొద్ది సందు పలకకూ పలకకూ మధ్య సన్నని గీతలా తేలుతుంది. వానల్లో, ఉక్కలో ఆ సందు మూసుకుంటుంది, ఆపైన పలకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, మేకులు కొద్దిగా వంగి ఆ ఒత్తిడిని ఓర్చుకుంటాయి. వందకు పైగా వరసలు తలా కాస్త పంచుకోబట్టి అంత పెద్ద మొత్తం ఒక్కచోట పోగుపడదు. నడుమ కొన్ని మేకులు పట్టు వదిలేసి ఉంటే కదలిక అంతా అక్కడే చేరుతుంది. చలికాలంలో అన్నిచోట్లా సన్న గీతలున్న నేలలో ఒక్కచోట మాత్రం కాగితం మడత దూరేంత సందు కనపడితే, లోపం సాధారణంగా ఆ చుట్టుపక్కల మేకుల్లోనే ఉంటుంది. పలకల అంచులు ఒకదాంట్లో ఒకటి బిగిసే క్లిక్ పద్ధతిలో పరిచే నేలలో మేకులు ఉండవు కనుక మొత్తం నేల ఒకే ముక్కగా కదులుతుంది. రెండిటికీ ఇంత తేడా ఉన్నా, అమ్మకందార్లు వాటిని ధరల పట్టికలో పక్కపక్కన పెట్టి చూపించడమే ఎక్కువ.

ఇరవై అడుగులు దాటిన గదుల్లో గోడ నుంచి కాకుండా మధ్య నుంచి పని మొదలుపెట్టమని అక్కడి నిపుణులు చెప్పడానికి కారణం కూడా ఇదే. మధ్యలో రెండు పలకల గాడుల్ని ఎదురెదురుగా పెట్టి, వాటి నడుమ విడి చెక్క నాలుకను జిగురుతో దూర్చి, అక్కణ్ణుంచి రెండు వైపులకూ మేకులు కొట్టుకుంటూ పోతారు. అప్పుడు పెరుగుదల రెండు గోడల వైపుకూ సమానంగా పోతుంది.

క్లీటా, స్టేపులా?

నెయిలర్‌లో వేసే మేకులు రెండు రకాలు. క్లీట్ అంటే చదునుగా, ఒంటి కాలితో, అంచుల్లో గాట్లతో ఉండే మేకు. దాని తల ఇంగ్లిష్ అక్షరం ఎల్ లేదా టీ ఆకారంలో ఉంటుంది. స్టేపుల్ రెండు కాళ్లది, కాళ్లకు జిగురు పూత ఉంటుంది. బాస్టిచ్ కంపెనీ ఒకే తరహా యంత్రాన్ని రెండిటికీ వేర్వేరుగా తయారుచేస్తుంది, ఒకదాని మేకు మరోదాంట్లో పట్టదు. అందుకే అద్దెకు తెచ్చుకునేటప్పుడే ఏది కావాలో తేల్చుకోవాలి.

స్టేపుల్స్ చౌక. కొట్టిన కొత్తలో పట్టు కూడా గట్టిగానే ఉంటుంది. అయితే రెండు కాళ్లు నాలుకలో పక్కపక్కన దిగడంతో నాలుక చీలే ప్రమాదం ఎక్కువ. బ్రెజిలియన్ చెర్రీ లాంటి బాగా గట్టి చెక్కలో ఇది మరీ ఎక్కువగా కనపడుతుంది. అలాంటి వాటికి సన్నని 18 గేజ్ క్లీట్లు వాడడం మేలు (గేజ్ అంకె పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుంది). ముప్పావు అంగుళం మందమున్న ఓక్‌కు 16 గేజ్ క్లీట్లు వాడతారు. క్లీట్ ఒంటి కాలు చెక్కతోపాటు కొద్దిగా వంగి, మళ్లీ నిటారవుతుంది. దాని గాట్లు వెనక్కి రానివ్వవు. ఏటా రెండుసార్లు ఊగే నేలకు ఇదే తగినది. స్టేపుల్ వేసిన నేలలన్నీ పాడవుతాయని కాదు, కొన్ని చక్కగా నిలుస్తాయి. కానీ ఇంట్లో నలభై ఏళ్లు ఉండాల్సిన నేల దగ్గర స్టేపుల్‌తో మిగిలే కొద్ది డాలర్ల కోసం నాలుక చీలే ప్రమాదం తెచ్చిపెట్టుకోవడం సరైన బేరం కాదు.

మేకు పొడవు దగ్గర చిన్న లెక్క ఉంది. 2 అంగుళాల క్లీట్ 45 డిగ్రీల వాలులో దిగితే నిలువు లోతు 1.4 అంగుళాలే. అందులో సుమారు 0.4 అంగుళం పలకలోనే పోతుంది. మిగతా అంగుళం కింది ప్లైవుడ్‌లోకి వెళ్తుంది. ఆ ప్లైవుడ్ ముప్పావు అంగుళమే అయితే మొన పావంగుళం అవతలికి పొడుచుకు వస్తుంది. న్యూజెర్సీ, ఒహాయో లాంటి చోట్ల సీలింగ్ వేయని బేస్‌మెంట్‌లో నిలబడి తలెత్తి చూస్తే దూలాల మధ్య ఈ మొనలు వరసలుగా మెరుస్తూ కనపడతాయి. వాటివల్ల నేలకు నష్టమేమీ లేదు. కానీ ప్లైవుడ్‌కు ఆనించి వేడినీటి గొట్టాలో కరెంటు తీగలో పోతుంటే మాత్రం ఒకటిన్నర అంగుళం క్లీట్ వాడాలి. అది ప్లైవుడ్ దాటి బయటికి రాదు.

వెడల్పు పలకల మోజు

ఈమధ్య 5, 7 అంగుళాల వెడల్పు పలకలు బాగా అడుగుతున్నారు. చూడ్డానికి అందంగా ఉంటాయి, అతుకులు తక్కువ. మేకుల లెక్క దగ్గరకు వచ్చేసరికి చిక్కు తెలుస్తుంది. అమెరికాలోని నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ మార్గదర్శకాల ప్రకారం 3 అంగుళాల లోపు పలకలకు 8 నుంచి 10 అంగుళాలకు ఒక మేకు, అంతకన్నా వెడల్పైతే 6 నుంచి 8 అంగుళాలకు ఒకటి. దగ్గర దగ్గరగా కొట్టినా సరే, 5 అంగుళాల పలకల నేలలో చదరపు అడుగుకు నాలుగైదు మేకులకు మించి పడవు. సన్న పలకల్లో 8 పడే చోట సగమే. అదే సమయంలో ఒక్కో పలక కదలిక రెండింతలకు పైనే: నాలుగు శాతం తేమ తేడాకు దాదాపు రెండు మిల్లీమీటర్లు. పని రెట్టింపయింది, పనివాళ్లు సగమయ్యారు.

కాబట్టి 5 అంగుళాలు, ఆపైన ఉన్న పలకలకు మేకుతోపాటు అడుగున జిగురు కూడా పెట్టాలి. పలక కింద పాములా మెలికలు తిరుగుతూ జిగురు గీసి, అది ఆరకముందే నెయిలర్‌తో కొడతారు. ఇది చేస్తే ఖర్చు, సమయం పెరుగుతాయి. అందుకే తక్కువ కొటేషన్ ఇచ్చేవాళ్లు తరచుగా దీన్నే వదిలేస్తారు. వెడల్పు పలకలకు కొటేషన్ తీసుకునేటప్పుడు చదరపు అడుగు రేటు కన్నా ముందు అడగాల్సింది జిగురు సంగతి. మరో దారి క్వార్టర్‌సాన్ చెక్క, అంటే దుంగను నాలుగు భాగాలు చేసి కోసినది. దాని కదలిక మామూలు కోతలో సగం కన్నా తక్కువ. ధర మాత్రం ఎక్కువ.

కింద ఏముంది?

నెయిలర్ ఎంత మంచిదైనా మేకు పట్టుకోవడానికి కింద చెక్క ఉండాలి. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఇళ్లు కొన్న డాలస్ పరిసరాల్లో, ఫ్రిస్కోలోగాని ప్లేనోలోగాని, ఇళ్లు కాంక్రీటు శ్లాబు మీద లేస్తాయి. చాలా శ్లాబుల్లో బిగదీసిన ఉక్కు తీగలు ఉంటాయి, వాటి జోలికి మేకు పోకూడదు. అక్కడ కింది అంతస్తుకు సాధారణంగా ఇంజనీర్డ్ చెక్కను, అంటే పొరల పలక మీద పైన అసలు చెక్క ఉన్నదాన్ని, జిగురుతో అంటిస్తారు. అదే ఇంటి పై అంతస్తు మాత్రం దూలాల మీద ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో నొక్కి చేసే) పలకలతో కట్టింది. అక్కడ నెయిలర్ హాయిగా పనిచేస్తుంది. ఒకే ఇంట్లో రెండు పద్ధతులా అని ఆశ్చర్యపోవాల్సిన పని లేదు.

హైదరాబాద్‌లో, విజయవాడలో అపార్టుమెంట్లన్నీ ఆర్‌సీసీ శ్లాబులే కనుక ఇక్కడ వుడెన్ ఫ్లోరింగ్ పేరుతో జరిగేది చాలావరకు క్లిక్ లామినేటో, జిగురు పనో. నెయిలర్‌కు చోటు దొరికేది శ్లాబు మీద చెక్క పట్టీలు, ప్లైవుడ్ పరిచి కట్టే ఇండోర్ ఆటల కోర్టుల్లాంటి చోట్లే. వేసవి వడగాడ్పులకూ వానాకాలపు చెమ్మకూ మధ్య తేడా చూస్తే, ఇక్కడ ముప్పావు అంగుళం దిట్టమైన చెక్కను ఏసీ లేని ఇంట్లో మేకులతో వేయాలన్న ఆలోచన మానుకోవడమే మంచిది.

ప్లైవుడ్ ఉన్నా అన్నీ ఒకటి కాదు. పార్టికల్ బోర్డు మేకును పట్టుకోదు. పాత ప్లైవుడ్ దూలాల నుంచి వదులైతే ముందు స్క్రూలతో బిగించాలి. నేల కిర్రుమంటోందని కొత్త చెక్కను తిట్టుకునే చాలా సందర్భాల్లో చప్పుడు వచ్చేది ఈ కింది పొర నుంచే. కింది పొర పదడుగుల దూరంలో పావంగుళానికి మించి ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి. పల్లం ఉన్నచోట మేకు పలకను కిందికి లాగలేక గాల్లో వేలాడేలా వదిలేస్తుంది, అడుగు పడ్డప్పుడల్లా పలక మేకు వెంట జారి కిర్రుమంటుంది. పలకలు దూలాలకు అడ్డంగా నడవడం కూడా ముఖ్యం.

అన్నిటికన్నా ముందు కొనాల్సింది తేమ మీటరు. కొత్త పలకల్లోని తేమకూ కింది ప్లైవుడ్‌లోని తేమకూ తేడా సన్న పలకలకైతే 4 శాతం, 3 అంగుళాలు, ఆపైన వాటికైతే 2 శాతం మించకూడదు. పలకల కట్టలు ఇంట్లో నాలుగు రోజులు పెట్టామన్న మాటతో ఇది తేలదు. రోజులు లెక్కపెట్టినంత మాత్రాన చెక్క ఆరిపోదు, మీటరు ఏం చూపిస్తోందన్నదే లెక్క. హీటింగో ఏసీయో నడవని కొత్త ఇంట్లో కట్టలు పెట్టి ఉంచడం చెక్కకు అక్కడి చెమ్మ పట్టించడమే అవుతుంది.

ఒత్తిడి సర్దుకోవడం

నెయిలర్ పాదం కింద, అరంగుళం, ముప్పావు అంగుళం వంటి పలకల మందాలకు తగిన అడుగు బిళ్లలు మార్చుకునే వీలుంటుంది. సరైన బిళ్ల వేయకపోతే మేకు నాలుక మీద సరైన చోట పడదు. కాస్త పైన పడితే పలక అంచు మీద చిన్న గుబ్బ తేలుతుంది, పక్కవాటంగా వెలుతురు పడ్డప్పుడు పాలిష్ కింద నుంచి కూడా అది కనపడుతుంది. ఎన్ని సార్లు ఇసుక కాగితం పట్టినా మళ్లీ అక్కడే తేలే గుబ్బలు ఇలాంటివే.

గాలి ఒత్తిడిని పనికిరాని పలక ముక్క మీదే సరిచూసుకోవాలి. 80 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, ఐదేసి చొప్పున పెంచుతూ, ప్రతిసారీ నాలుక మూలలో బొటనవేలు పెట్టి తడిమి చూస్తే తెలుస్తుంది. తల గోటికి తగులుతుంటే ఒత్తిడి చాల్లేదు, తర్వాతి పలక గాడి దానికి తట్టి మూసుకోదు. తల లోతుగా కూరుకుపోయి చుట్టూ నారలు పగిలి ఉంటే ఎక్కువైనట్టు. ఇది మొదటిదానికన్నా ప్రమాదకరం. ఎందుకంటే పగిలిన నాలుకతో కూడా తర్వాతి పలక చక్కగా మూసుకుంటుంది, ఆ రోజు ఎవరికీ ఏమీ తెలియదు, చలికాలం వచ్చాక పలక లేచి కూర్చుంటుంది. ఓక్‌కు సర్దిన ఒత్తిడి అంతకన్నా గట్టి చెక్కయిన హికరీకి చాలదు. అమెరికా చెక్కల కాఠిన్యం కొలిచే జాంకా పట్టికలో రెడ్ ఓక్ 1,290 అయితే హికరీ 1,820. పొద్దున సర్దింది మధ్యాహ్నానికి మారే అవకాశం కూడా ఉంది. అదే కంప్రెసర్‌కు రంపం దుమ్ము ఊదే గొట్టం కూడా తగిలిస్తే ఒత్తిడి పడిపోతుంది. గంటకోసారి బొటనవేలి పరీక్ష చేయడం మంచి అలవాటు.

మేకు ఇరుక్కుంటే ముందు గాలి గొట్టం ఊడదీయాలి, ఆ తర్వాతే యంత్రం విప్పాలి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి.

గోడ దగ్గర

నెయిలర్ పొడవు, మ్యాలెట్ ఊపు కలిపితే గోడ పక్కన దానికి చోటు చాలదు. మొదటి రెండు మూడు వరసలు రంగు దారంతో కొట్టిన గీత వెంట పేర్చి, ఫినిష్ నెయిలర్ అనే చిన్న మేకుల గన్‌తోనో చేత్తోనో కొట్టాలి. ఈ వరసలు పిసరంత జరిగినా తర్వాత మ్యాలెట్ దెబ్బలన్నీ ఆ వంకరనే పెంచుకుంటూ పోతాయి. అందుకే వీటికి పట్టే సమయాన్ని తగ్గించుకోవాలని చూడకూడదు. అవతలి గోడ దగ్గర చివరి వరసల్ని గడ్డపార లాంటి ప్రై బార్‌తో గోడ వైపు నుంచి బిగించి, పైనుంచే మేకు కొట్టి తల మీద చెక్క పుట్టీ పెడతారు. గోడకూ నేలకూ మధ్య వదిలిన ముప్పావు అంగుళం సందును స్కర్టింగ్ కప్పుతుంది. ఆ స్కర్టింగ్‌ను గోడకే కొట్టాలి, నేలకు కాదు. నేలలోకి ఒక్క మేకు దిగినా, కదలడానికి వదిలిన ఆ కాస్త చోటు మూసేసినట్టే.